మామూలు గాయం

కాలు విరిగి నేను బొగ్గుగని దవాఖానలో పడి ఉన్నప్పుడు పక్క మంచం బుచ్చిరాములుది. లక్సెట్టిపేట నుంచి వచ్చి గనిలో చేరిన మనిషి. బుగ్గలో రాచపుండు లేస్తే హైదరాబాదులో కోసి, కుట్లేసి పంపారు. ఇక్కడికొచ్చాక కుట్లు విడిపోయి బుగ్గకు బొక్క పడింది. నోట్లో అంబలి పోస్తే సగం ఆ బొక్కలోంచి చీముతో కలిసి మెడ మీదికి కారేది. ఆ కంపుకు నేను తిన్నదంతా బయటికొచ్చేది. అబద్ధమెందుకు, అతన్ని చూస్తేనే నాకు రోత.

పొద్దున్నే డాక్టరు వచ్చి, కోసిన గాయాలకు రకం చెప్పేవాడు: మామూలు, మధ్యరకం, ముదిరినది. ముదిరితే కంపెనీ మోటారులో హైదరాబాదు పంపి మళ్ళీ కుట్టిస్తారు. మామూలువాళ్ళు కొన్నాళ్ళుండి ఇంటికే. బుచ్చిరాములుది రోజూ మామూలే.

ఎందుకంటే, పెద్దమనిషి ఎదుట రోత కనబడకూడదని అతని భార్య రామవ్వ, డాక్టరు వచ్చి పోయేదాకా మొగుడికి ఏమీ తాగించేది కాదు. చీము ఒత్తి, వేడినీళ్ళతో కడిగి, కొత్త గుడ్డ అంటించి కూర్చోబెట్టేది. ఆయన దూరం నుంచే చూసి, గుడ్డ పొడిగా ఉందని మెచ్చుకుని వెళ్ళేవాడు. గుడ్డ ఎత్తి చూడటానికి ఆ మహానుభావుడికి చేతులు రావు. ఆయనంటే నాకు ఇంకా రోత.

ఒకనాడు డాక్టరు, రేపు ఇంటికి పొమ్మన్నాడు. అప్పటికే తిండి దిగక బుచ్చిరాములు ఎముకల పోగయ్యాడు. ఇంటికి పోతే ఆకలితోనే చస్తాడు. రామవ్వ ఏడుస్తుంటే నాకు ఒళ్ళు మండి, రేపు కడగొద్దు, ఆయన ముందరే అంబలి పొయ్యమన్నాను. ఆమె సిగ్గుతో చితికిపోయింది. అయినా మర్నాడు ఇంటికి పంపే చీటీ ఇవ్వడానికి డాక్టరు మంచం దగ్గరికి రాగానే పోసింది.

అంబలి బుగ్గలోంచి బొళబొళ కారి ఆయన బూట్ల మీద పడింది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గోడదాకా వెనక్కి నడిచాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని రామవ్వను గద్దించాడు.

"మీ ముంగట రోత చేస్తే బాగుండదని కడిగిన సాబ్."

"ముదిరింది. ఇవాళే హైదరాబాదు పంపండి," అన్నాడు రుమాలు తియ్యకుండానే.

నేను ఊపిరి పీల్చుకునేలోపే బుచ్చిరాములు మంచం దిగాడు. నిలబడే సత్తువ లేక పాక్కుంటూ గోడదాకా పోయి, తన తువాలుతో డాక్టరు బూటు ఒకటి తుడవసాగాడు. బుగ్గలోంచి గాలి పోతూ మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"మాఫ్ జేయుండ్రి సాబ్."

డాక్టరు రెండో కాలు కూడా ముందుకు జాపాడు.