సూదంటురాయి నడికట్టు

గురజాల పక్క పల్లెలో చెన్నమ్మకు నెలనెలా బయట చేరినప్పుడల్లా ప్రాణం పోయినంత పని అయ్యేది. బయట చేరిన ఆడది ఇంట్లో అడుగు పెట్టకూడదు, గిన్నె ముట్టకూడదు, పత్తి చేలోకి మాత్రం పోవచ్చు. మైల చేనుకు అంటదని తేల్చిన మహానుభావుడెవరో గాని, ఆయనకు తప్పకుండా పత్తి చేను ఉండి ఉంటుంది. కోడలు మెలికలు తిరిగిపోతుంటే చూడలేక అత్త అలివేలమ్మ ఆమెను చేనుకు పంపకుండా పశువుల కొట్టంలో పడుకోనిచ్చేది. చెన్నమ్మకు దక్కిందల్లా ఆ గడ్డి పక్కే.

దానికీ మూడింది. యుద్ధం పుణ్యమా అని బండి చక్రానికి కూడా ఇనుము దొరకని రోజుల్లో, మెడకు టై బిగించిన డాక్టరొకడు ఊళ్లో దిగాడు. ఆయన తెచ్చిన నడికట్టు నిండా సూదంటురాళ్లే. చెన్నమ్మ మొగుడు వెంకట్రామయ్య ఇంటి అరుగు మీద నాలుగు మేకులు పరిచి, నడికట్టును దగ్గరకు తెచ్చాడు డాక్టరు. మేకులు ఎగిరి అతుక్కున్నాయి.

"ఆడవాళ్ల ముట్టునొప్పినీ ఇలాగే లాగేస్తుంది" అన్నాడు.

మేకును లాగింది కనుక నొప్పినీ లాగుతుందని అక్కడ చేరిన ఊరి పెద్దమనుషులంతా ఒప్పేసుకున్నారు. ఆ నొప్పి ఎట్లా ఉంటుందో ఎరిగినవాళ్లు ఆ అరుగు మీద ఒక్కరూ లేరు. పరీక్షకు పెళ్లాన్ని ఇస్తానన్నాడు వెంకట్రామయ్య. పరీక్ష నెగ్గితే ఆ నడికట్లు అమ్మడానికి పల్నాడంతటికీ ఆయనే ఏజెంటు. ఆమె బయట చేరేదాకా డాక్టరు ఆమె చేతి వంటే తింటూ అక్కడే మకాం వేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. నడికట్టును కర్రకు తగిలించి కొట్టంలోకి అందించారు. చెన్నమ్మ ఆశగానే కట్టుకుంది. పొద్దెక్కినా నొప్పి నొప్పిలాగే ఉంది, పైగా ఇనుము బరువొకటి.

"ఏమే, తగ్గిందా?" వెంకట్రామయ్య వాకిట్లోంచే కేకేశాడు.

"యాడ తగ్గింది! నడుం ఇరిగిపోతంది."

"కాస్తన్నా?"

"కాస్తా లేదు, కూస్తా లేదయ్యా."

ఆయన అరుగెక్కి, "చానావరకు తగ్గిందంట" అని చెప్పాడు. గోడ ఇవతల చెన్నమ్మకు అంతా వినపడుతూనే ఉంది.

కాసేపటికి అత్త వచ్చింది. "తగ్గిందంటగా, ఇంకా పడకేంది? పత్తి రాలిపోతంది, లెయ్."

"తగ్గలేదత్తా!"

"అయితే నా కొడుకు అబద్ధం చెప్పాడంటావా?"

చెన్నమ్మ లేచింది. చేనుకు పోలేదు. నడికట్టు విప్పి చేతబట్టుకుని, వంగిన నడుముతోనే తిన్నగా వెళ్లి అరుగెక్కింది.

"ఇదిగో డాక్టరుగారూ, పట్టుకోండి."

పెద్దమనుషులు కోళ్లలాగా చెదిరిపోయారు. ఒకాయన కండువా వదిలేసి పరుగెత్తాడు. వెంకట్రామయ్య కిందికి దూకబోయి ఆమె కొంగు తగిలి బోర్లాపడ్డాడు.

"అక్కడ పెట్టమ్మా, మీదికి రాకు!" డాక్టరు గోడకు కరుచుకుపోయాడు.

"ఏందయ్యా, కడుపులో నొప్పిని లాగినదానికి మైలొక లెక్కా? పట్టుకో. పట్టుకుపోయి ఊరూరా తిప్పు."

ఆయన పట్టుకోలేదు. నడికట్టును అక్కడే వదిలి, చెప్పులు చేతబట్టుకుని రోడ్డెక్కాడు. వెంకట్రామయ్య బావి దగ్గర చేద మీద చేద నెత్తిన గుమ్మరించుకున్నాడు. చెన్నమ్మ అరుగు మీదే మోకాళ్లు ముడుచుకుని పడుకుంది.

"నిజంగానే తగ్గలేదా?" దూరంగా నిలబడి అడిగింది అలివేలమ్మ.

"తగ్గితే అరుగెక్కేదాన్నా అత్తా?"

అలివేలమ్మ బావి వైపు తిరిగింది.

"ఒరేయ్ ఏజెంటూ! తడిబట్టల్తోనే చేనుకు పో. ఇయ్యాల పత్తి నువ్వు తీద్దువుగాని."