లీవరు దగ్గర నిద్రపోయినవాడు

నూట పద్నాలుగో పేజీ దగ్గర కేబినక్క ఆగిపోయింది. ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదివింది. కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుని మూడోసారి చదివింది. తప్పు అద్దాలది కాదని తేలాక కాగితాల కట్టని బల్ల మీద ఠపీమని పడేసింది.

రైల్వే సిగ్నల్ కేబిన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు రైళ్ళ దారి మళ్ళించే లీవర్లు లాగిన మనిషి ఆవిడ. రిటైరై ఆరేళ్ళయినా తోటివాళ్ళు పెట్టిన ఆ పేరు రిటైర్ కాలేదు. కన్నతల్లి కూడా పోయేదాకా అలాగే పిలిచింది.

ఆ కాగితాలు చెల్లెలి మొగుడివి. కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ ఆయన. మూడేళ్ళు కూర్చుని ఒక నవల రాశాడు. యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకం పెట్టడానికి ఒక దేశాధినేత రైల్లో వెళ్తుంటాడు. మధ్యాహ్నం భోజనం చేసిన లీవర్‌మాన్ కునుకు తీస్తాడు. కూత విని ఉలిక్కిపడి లేచి, ఒక లీవరుకి బదులు ఏడో నంబరు లీవరు లాగేస్తాడు. రెండు రైళ్ళు గుద్దుకుంటాయి. ఒప్పందం లేదు, యుద్ధం ఇంకో ముప్పై ఏళ్ళు సాగుతుంది, దేశం రెండు ముక్కలవుతుంది. చివరికి గడియారాలు బాగుచేసే ఒక అమ్మాయి కాలయంత్రం తయారుచేసి, ఆ మధ్యాహ్నానికి వెనక్కి వెళ్ళి, లీవర్‌మాన్‌ని తట్టి లేపుతుంది. అదీ కథ. అచ్చుకి వెళ్ళేముందు ఒకసారి చూడమని మరిది ప్రేమగా తెచ్చిచ్చాడు.

ఆదివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు.

"ఎలా ఉంది వదినా?" అన్నాడు మరిది, కూర్చోకుండానే.

"కాలయంత్రం బాగుంది."

ఆయన మొహం వెలిగింది.

"ఆ పిల్ల మొదటిసారి నిన్నటి వానలోకి వెళ్ళి తడిసి రావడం కళ్ళకి కట్టింది. నమ్మాను. నమ్మనిది నీ లీవర్‌మాన్‌ని. ఏడో నంబరు ఎలా లాగాడతను?"

"చేత్తో," అన్నాడు మరిది అయోమయంగా.

"ఒక బండికి దారిచ్చాక, దానికి అడ్డొచ్చే లీవర్లన్నింటికీ కింద తాళం పడిపోతుంది. లాగితే రావు. నిద్రమత్తులో లాగినా రావు, తాగి లాగినా రావు. మనిషన్నవాడికి పొరపాటు జరుగుతుందనే కదా ఆ ఇనుమంతా దింపింది."

"అది కల్పన వదినా. మనుషులు కాలంలో వెనక్కి వెళ్తున్నారు. ఒక లీవరు కదిలితేనే తప్పొచ్చిందా?"

"కాలంలో వెనక్కి వెళ్ళినవాణ్ణి నేను చూళ్ళేదు. కాబట్టి నువ్వు చెప్పింది నోరెత్తకుండా విన్నాను. లీవరు నేను చూశాను. చూసినదాని గురించి అబద్ధం చెబితే ఎలా వింటాను?"

చెల్లెలు మధ్యలోకొచ్చింది. "అక్కా, ఆయన నిద్ర మానుకుని రాశారే."

"నీ మొగుడు నిద్ర మానుకున్నాడు సరే, నా లీవర్‌మాన్‌ని ఎందుకు నిద్రపుచ్చాడు?"

మరిదికి నవ్వొచ్చింది గానీ వదిన మొహం చూసి మింగేశాడు. ఆవిడ మాట్లాడటం ఆపలేదు. "ఏ పుస్తకం తీసినా ఇదే వరస. దేశం మునిగిపోవాలంటే ఒక వంటవాడు ఉత్తరం పారేసుకుంటాడు. రాజు చావాలంటే గుర్రాలవాడు జీను వదులుగా కడతాడు. చరిత్ర తలకిందులు చెయ్యాలన్నప్పుడల్లా మీకు కూలివాడే దొరుకుతాడేం? పైనున్నవాడు ఒక్కడూ పొరపాటు చెయ్యడా?"

మర్నాడు ఆవిడ మరిదిని వెంటబెట్టుకుని రైల్వే శిక్షణ కేంద్రానికి వెళ్ళింది. పాఠాల కోసం అక్కడొక పాత కేబిన్‌ని ఉన్నదున్నట్టు ఉంచారు. దాన్ని చూసుకునే ఇన్‌స్ట్రక్టర్ ఒకప్పుడు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాడే. తలుపు తీసి, కుర్చీ వేయబోతే వద్దంది.

కిటికీ పొడుగునా ఇరవై నాలుగు లీవర్లు వరసగా నిలబడి ఉన్నాయి. పిడులు చేతుల రాపిడికి తెల్లగా మెరుస్తున్నాయి. గ్రీజు వాసన. ఆవిడ గుడ్డ ముక్క పిడికి చుట్టి, ఒక కాలు ముందుకు తన్నిపెట్టి, మూడో నంబరు లాగింది. అరవై ఆరేళ్ళ మనిషికి అది ఒక్క ఊపులో వచ్చేసింది. కింద ఎక్కడో ఇనుము కదిలి టక్కున కూర్చున్న చప్పుడైంది.

"ఒక బండికి దారిచ్చాను. ఇప్పుడు నీ ఏడో నంబరు లాగు."

మరిది చొక్కా చేతులు మడిచి లాగాడు. రెండు చేతులతో లాగాడు. గోడకి కాలు తన్ని లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి, లీవరు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ఇన్‌స్ట్రక్టర్ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

మరిది చెమట తుడుచుకుని, ఊపిరి తీసుకుని అడిగాడు. "మరి ప్రమాదాలు ఎలా జరుగుతాయి వదినా? జరిగాయి కదా."

ఆవిడ మూడో నంబరు వెనక్కి వేసి, గుడ్డ మడతపెట్టింది.

"నాకు తెలిసింది ఒకటి చెబుతాను," అంది. "నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. కేబిన్ మాస్టరు దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆ రోజు పట్టాలు దారి మారే పాయింట్లు బాగుచేస్తున్నారని కింద తాళాలు విప్పేశారు. అలాంటప్పుడు మనిషి వెళ్ళి పట్టాలు ఎటు తిరిగున్నాయో కళ్ళతో చూసొస్తేనే బండిని పంపాలి. చూసి రమ్మని మాస్టరు మనిషిని పంపాడు. వాడింకా దారిలోనే ఉన్నాడు, ఫోను మోగింది. పై అధికారి. వెనక ఒక పెద్దాయన స్పెషల్ రైలు వస్తోంది, ముందున్న ప్యాసింజర్‌ని వెంటనే పంపించి దారి ఖాళీ చెయ్యమన్నాడు. తాళాలు లేవండి, మనిషి ఇంకా రాలేదండి అని మాస్టరు మూడుసార్లు చెప్పాడు. కాగితం మీద రాసివ్వండి అన్నాడు. రాతలు తర్వాత, ముందు పంపు, లేకపోతే రేపట్నించి రాకు అన్నాడు అవతలివాడు. ఫోన్లో వచ్చిన ఆర్డరని టైముతో సహా రిజిస్టర్లో రాసి, మాస్టరు బండిని వదిలాడు. అది వెళ్ళి ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది. పదకొండు మంది పోయారు."

"రిజిస్టరు?"

"ఎంక్వైరీకి ఆ పేజీ లేదు. పేపర్లో ఏం రాశారో తెలుసా? లీవరు దగ్గర మాస్టరు నిద్రపోయాడని. ఎలా పుట్టిందా మాట? నా నోట్లోంచి పుట్టింది. ఆ టైములో మాస్టరు నిలబడి ఉన్నాడా, కుర్చీలో ఉన్నాడా అని నన్నడిగారు. కుర్చీలో అన్నాను. ఫోను కుర్చీ పక్కనుంది మరి. ఫోన్లో మాట్లాడుతున్నాడని నేను చెప్పాలి. వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. కుర్చీలో ఉన్నాడు, మధ్యాహ్నం పూట, కాబట్టి నిద్రపోయాడు. నిద్రపోయినవాడు బండిని ఎలా వదిలాడని ఒక్కడైనా అడిగాడా? వినగానే అందరికీ సబబుగా తోచింది. నీకు తోచినట్టే."

మరిది తలొంచుకున్నాడు. కానీ రాసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది. మెట్లు దిగుతూ అననే అన్నాడు, "వదినా, ఇది నా నవలకి ఎంత బాగా అతుకుతుందో."

ఆవిడ మెట్టు మీదే ఆగింది. "అతకడానికి అదేమన్నా చిరుగు గుడ్డా? పదకొండు ప్రాణాలు. మాస్టరు ఉద్యోగం పోయి ఎనిమిదేళ్ళు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుని, చివరికి పోయాడు. రాస్తే సరిగా రాయి, లేకపోతే మానెయ్. ఫోను రాయి. మూడుసార్లు కాదన్నాడని రాయి."

మరిది రాశాడు. నెలరోజులు కాలేజీకి సెలవు పెట్టి ఆ అధ్యాయమంతా తిరగరాశాడు. గడియారాల అమ్మాయి ఇప్పుడు నిద్రపోతున్నవాణ్ణి లేపడానికి వెళ్ళదు, టెలిఫోను తీగ కత్తిరించడానికి వెళ్తుంది. ప్రచురణకర్త మాత్రం గింజుకున్నాడు. "ఒక కునుకు, ఒక దేశం తలరాత" అని అట్ట మీద వేయడానికి ఆయన అప్పటికే ముచ్చటపడి ఉన్నాడు. ఆయన గదిలో అచ్చుకట్టల మధ్య కూర్చుని కేబినక్క గంటసేపు వాదించింది. "ఎవరు పట్టించుకుంటారమ్మా ఇదంతా" అని ఆయన విసుక్కుంటే, "నేను పట్టించుకున్నాను కదా, ఎదురుగానే ఉన్నాను" అంది. అట్ట మీద ఆ మాట పోయింది.

పుస్తకం వచ్చిన రెండు నెలలకి ఒక వారపత్రికలో సమీక్ష పడింది. మరిది దాన్ని చుట్టి పట్టుకుని వచ్చి, ఇవ్వనా మాననా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ లాక్కుని చదివింది.

"కాలయంత్రం ఎంతో నమ్మకంగా ఉంది," అని రాశాడు సమీక్షకుడు. "అయితే చదువుకున్న ఉన్నతాధికారి ఒకరు, రక్షణ ఏర్పాట్లు లేవని తెలిసి కూడా, నోటిమాటగా రైలు పంపమనడం బొత్తిగా నమ్మశక్యంగా లేదు. కథ కోసం బలవంతంగా ఇరికించినట్టుంది. అలసిపోయిన ఒక కింది ఉద్యోగి ఏమరుపాటు వల్ల ఇది జరిగి ఉంటే సహజంగా ఉండేది."

కేబినక్క ఆ చివరి వాక్యం మళ్ళీ చదివింది. ‘సహజంగా’ అన్న మాట మీద వేలు పెట్టి, కాగితం చిరిగేలా నొక్కింది.

"పోనీ వదినా, ఒక్కడి అభిప్రాయం," అన్నాడు మరిది.

"ఒక్కడిది కాదు. అందరిదీ. అందుకే ఆ పేజీ చింపినవాడు హాయిగా పింఛను తిన్నాడు."

ఆ మధ్యాహ్నమే కూర్చుని పత్రికకి ఉత్తరం రాసింది. కథల సంగతి తనకి తెలియదని, కానీ నమ్మశక్యం కానిదిగా తోచిన ఆ ఫోను తన కళ్ళ ముందే మోగిందని రాసింది. తారీఖు రాసింది, టైము రాసింది. కుర్చీలో ఉన్నాడని చెప్పి ఊరుకున్నది తానేనని కూడా రాసింది. ఆ వాక్యం దగ్గర కలం మూడుసార్లు ఆగింది. కింద పూర్తి పేరు పెట్టి, ఉద్యోగం నంబరు వేసింది.

పత్రికవాళ్ళు ఒక్క ముక్క కొట్టేయకుండా మొత్తం వేశారు.

ఆ సంచిక తీసుకుని ఆవిడ రెండు బస్సులు మారి కేబిన్ మాస్టరు కూతురి దగ్గరికి వెళ్ళింది. ఆమెది ఇరుకు సందులో చిన్న కుట్టుకొట్టు. వయసు యాభై దాటింది, తండ్రి నుదురే వచ్చింది. వచ్చినదెవరో తెలిశాక మిషను ఆపి, నిలబడే ఉత్తరం మొత్తం చదివింది.

"మా అమ్మ ఉండగా రాయాల్సింది," అంది చివరికి.

"అవునమ్మా."

"స్కూల్లో నన్ను నిద్రమొహం కూతురు అనేవాళ్ళు. నలభై ఏళ్ళు మీరెక్కడున్నారు?"

"అదే కేబిన్‌లో ఉన్నాను," అంది కేబినక్క.

ఆమె కత్తెర తీసుకుని ఆ పేజీని అంచుల వెంట జాగ్రత్తగా కత్తిరించి, సొరుగులో పెట్టింది. తర్వాత స్టూలు మీది గుడ్డలు తీసి పక్కన పెట్టి, దాన్ని ఆవిడ వైపు జరిపింది.

"కూర్చోండి," అంది. "ఆ రోజు మా నాన్న ఫోన్లో ఏమేం అన్నాడో మొత్తం చెప్పండి. ఒక్క మాట కూడా వదలకండి."