నాలుగు వందల ఇరవై ఒకటో పేజీ

తీగల టోపీని గోరువెచ్చని నీళ్లలో ముంచి, చిల్లుల్లో ఇరుక్కున్న జిగురును పాత టూత్‌బ్రష్‌తో తీస్తోంది టోపీ మేడం. మనుషుల నెత్తిన ఆ టోపీ తొడిగి, మెదడులో పుట్టే అలల్ని కంప్యూటర్‌లో పట్టడం ఆమె పరిశోధన. ముప్పై ఏళ్లుగా జనానికి టోపీలు పెడుతున్నా ఒక్కరినీ మోసం చెయ్యని మనిషి అని పక్క గది ప్రొఫెసర్ వేళాకోళం చేస్తాడు. నీళ్లలో నాని నాని ఆమె వేలికొసలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి.

చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె రాసిన వ్యాసాలు ఐదు. నాలుగింటిని పట్టించుకున్న నాథుడు లేడు. మొదటిది మాత్రం, నిద్రలో ఉన్న మనిషి చెవిన అయినవాళ్ల గొంతు పడితే మెదడు ఎలా ఉలిక్కిపడుతుందో చెప్పేది, అరవై మూడు వ్యాసాల్లో ప్రస్తావనకు వచ్చింది. దాని కోసం మొట్టమొదట టోపీ పెట్టుకుని పడుకున్నది తనే. చెవి దగ్గర పిలిచిన గొంతు అక్కది.

అరవై మూడంటే సంస్థలో అందరికీ గౌరవమే. ఆమెకు మాత్రం పంటి కింద రాయి. ఆ వ్యాసం పత్రికలో 421వ పేజీలో మొదలవుతుంది. రెండో వ్యాసం చివర, ఆధారాల జాబితాలో దాని పేజీ నంబరు వేస్తూ, హడావుడిలో 412 అని తనే తప్పు కొట్టింది. అరవై మూడు మందీ 412 అనే రాశారు. అసలు వ్యాసం తెరిచినవాళ్లు ఆ తప్పు రాయరు. ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్నారంతే. రెండేళ్లు ఊరివాళ్ల నిద్రకు కాపలా కాసి రాసినదాన్ని చదివిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. తప్పు తనదే కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు. “నా రాత ఎవరూ చదవలేదే అక్కా” అని మాత్రం ఒకసారి ఏడ్చింది.

ఈ ఉదయం ఆ సంఖ్య అరవై నాలుగయింది. అలవాటు కొద్దీ కొత్త వ్యాసం చివరికి వెళ్లి చూసింది. 421. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. పైగా, ఆమె వ్యాసంలోని మూడో పట్టికలో లోపాన్ని ఆ కొత్త వ్యాసం రాసినవాళ్లు నిలదీశారు కూడా. అంతగా తప్పు పట్టారంటే అక్షరం అక్షరం చదివినట్టే. ఆనందం పట్టలేక ఆ పేజీ అచ్చు తీసి, అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. వెంటనే అక్కకు ఫోన్ చేసింది.

“అక్కా, నీకొకటి చెప్పాలే.”

“ఏంటే, కొంపలేమైనా అంటుకున్నాయా?”

“మంచి మాటేలే. ఫోన్లో కాదు, సాయంత్రం చెప్తా.”

“సరే. పొద్దుటి మాత్ర వేసుకున్నావా?”

“వేసుకుంటాలే.”

ఆ మాట అంటూనే మర్చిపోయింది. పదకొండింటికి ఒక దర్జీ వచ్చాడు, టోపీ పెట్టించుకోవడానికి.

“నా బుర్రలో ఏమన్నా కనిపిస్తోందామ్మా?”

“కనిపిస్తోంది. కదలొద్దంటే వినడం లేదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను వెళ్లాక టోపీ కడిగి ఆరేసింది. ఛాతీలో ఏదో బరువుగా అనిపించి, వచ్చినవాళ్లు కూర్చునే వాలుకుర్చీలో, పేజీ ఒళ్లో పెట్టుకుని ఐదు నిమిషాలే కదా అని కళ్లు మూసుకుంది.

నాలుగింటికి అటెండరు తొంగిచూసి, నిద్ర చెడగొట్టడం ఎందుకని తలుపు చప్పుడు కాకుండా మూశాడు. ఐదున్నరకు మళ్లీ వచ్చినప్పుడు మాత్రం భయపడి డాక్టర్‌ని పిలిచాడు, అక్కకు ఫోన్ చేశాడు.

అక్క వచ్చేసరికి డాక్టర్ చెప్పాల్సింది చెప్పి పక్కకు తప్పుకున్నాడు. అక్క విననట్టే చెల్లెలి చెవి దగ్గర వంగింది. “చిట్టీ” అని మెల్లగా, మళ్లీ “చిట్టీ!” అని కసురుతున్నట్టు పిలిచింది. ఒకప్పుడు నిద్రలో ఉన్న ఆ మెదడును ఉలిక్కిపడేలా చేసిన గొంతే. ఈసారి ఏమీ కదల్లేదు.

చాలాసేపటికి చెల్లెలి వస్తువులు ఏరుకుంటూ పేజీ చేతికి తీసుకుంది.

“ఇదేంటి బాబూ?” అని సున్నా చుట్టిన అంకె చూపించి అటెండర్ని అడిగింది.

“తెలీదమ్మా. బస్సు నంబరేమో.”

మంచి మాటేమిటో చెప్పకుండానే పోయావేమే అని అక్క అప్పుడు బావురుమంది. ఇంటికి తీసుకెళ్లిన చేతిసంచిలో, విప్పని మాత్రల అట్టకూ కళ్లద్దాలకూ మధ్య, నాలుగు మడతల కాగితంలో, పెన్సిల్‌తో సున్నా చుట్టిన 421.