రాలిన తెల్లపొడి

మార్టూరులో జానీబీ ఇంటిని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఊడ్చేది. ఆమె కాపురానికి వచ్చేనాటికే పైన సిమెంటు రేకులు పాతబడ్డాయి. ఎండలకు పెళుసెక్కి సన్నటి తెల్లపొడి రాల్చేవి. మంచం మీద, కుట్టుమిషను మీద, మూత పెట్టని అన్నం మీద కూడా. రేకుల ఇల్లన్నాక రాలదా అనుకొని దులిపేసేది. ఏటా వానలకు ముందు భర్త ఖాదర్ వలి పైకెక్కి ఇనప బ్రష్షుతో పాచి గీకేవాడు. కింద ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఊడ్చేది. అలాంటి కప్పులు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లకున్నాయో చెప్పనవసరం లేదు.

ఖాదర్ వలిది గ్రానైటు పాలిషింగు పని. ఆ రాతిదుమ్ముకు జబ్బంటూ వస్తే అతనికే వస్తుందని అందరూ భయపడ్డారు. వచ్చింది జానీబీకి. మొదట పొడిదగ్గు, తర్వాత బిందె ఎత్తితే ఆయాసం. మిరపకాయల ఘాటేమోనని కోతలకు వెళ్లడం మానేసి, ఇంటిపట్టునే జాకెట్లు కుట్టింది. ఆయాసం ఇంకా పెరిగింది.

కూతురు సమీరా ఆమెను పట్నం తీసుకెళ్లి బ్రాడీపేటలో డాక్టరుకు చూపించింది. స్కానింగు చూసి ఆయన జానీబీ వైపు తిరిగాడు.

"మీ ఇంటి కప్పు ఏంటమ్మా?"

"సిమెంటు రేకులండి. మా మామగారు వేయించినవి."

"పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉంటుందమ్మా. పెళుసెక్కినా, గీకినా, పగలగొట్టినా కంటికి కనపడని పోగులు గాల్లో కలుస్తాయి. ఊపిరితిత్తుల్లో దిగినవి అక్కడే ఉండిపోతాయి. ఎన్నో ఏళ్లకు గాని జబ్బు బయటపడదు."

"తగ్గుద్దాండి?"

"ముదరకుండా చూద్దాం. పోయిన ఊపిరిని మాత్రం తిరిగి తేలేను."

డాక్టరు చెప్పినట్టే రేకులను తడిపి, పగలకుండా దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టించారు. పక్కింటి వెంకటేశ్వరమ్మ వచ్చింది.

"పారేయబాకు జానీబీ. మా లక్ష్మీదుర్గ పురిటికొచ్చింది. వసారాకి కప్పుకుంటాం."

"ఇవ్వను వదినా." దగ్గు తెర ఆమెను ఎందుకో చెప్పనివ్వలేదు.

"పాత రేకులకి కూడా పిసినారితనమా?" అని ఆమె ముఖం మాడ్చుకొని వెళ్లిపోయింది.

అన్నేళ్ల స్నేహం అలా తెగడానికి జానీబీ మనసొప్పలేదు. గోడ పట్టుకొని, ఆగి ఆగి, పక్కింటికి నడిచింది. గడపలోనే కూలబడి, దగ్గు మధ్య డాక్టరు మాటలన్నీ చెప్పింది. లక్ష్మీదుర్గ తెలియకుండానే కడుపు మీద చెయ్యి వేసుకుంది. వెంకటేశ్వరమ్మ తలెత్తి తమ వంటింటి కప్పు చూసింది.

"మా పైనున్నయ్యి కూడా అవేగా?"

"అవే వదినా. ఎండా వానా ఆపితే ఇల్లే అనుకున్నాం. ఆ కప్పు కింద ఏ గాలి పీలుస్తున్నామో ఒక్కనాడూ అడగలేదు. నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. పుట్టబోయే బిడ్డ మొదటి ఊపిరి మంచి గాలి కావాలంటే, నువ్వు ఇప్పుడే అడుగు."