వెండి తొడుగులో మరియమ్మ

మా ఆయన దివాకర్ నా వేలు విరిచింది ఒక పెట్టె మూత కోసం. రష్యాలో చేసిన నల్ల లక్క పెట్టె అది. అరచేతిలో పడుతుంది, మూత మీద మంచులో పరుగెత్తే మూడు గుర్రాల బొమ్మ. దుమ్ము తుడుస్తుంటే జారి పడి అంచు కాస్త లేచింది. ఆయన కేకలు వేయలేదు. పెట్టెను తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత నా కుడిచెయ్యి పట్టుకుని చూపుడువేలు వెనక్కి వంచాడు. టప్పుమంది.

“ఇరిగితే ఎట్లుంటదో ఇప్పుడు తెలిసిందా?” అన్నాడు.

మా తార్నాక ఫ్లాట్‌లో పెద్ద గది ఆయన సేకరించిన రష్యా సామానుది. రాత్రీపగలూ దానికి ఏసీ. నేను టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు కూడా నాకు ఫ్యాన్ గాలే. వాటిని ముట్టుకునేటప్పుడు ఆయన చేతులకు తెల్ల గ్లౌజులు వేసుకుంటాడు. నన్ను కొట్టేటప్పుడు అవేమీ అక్కర్లేదు.

ఆయన యూనివర్సిటీలో రష్యన్ చెప్తాడు. మాస్కోలో చదివిన రోజుల్లో అక్కడి సర్కారు కూలిపోయి, పింఛన్లు అందక, ముసలమ్మలు ఇంట్లో సామాన్లు రోడ్డు పక్కన పరిచి అమ్ముకునేవారట. టీ నీళ్లు కాచుకునే ఇత్తడి సమోవార్లు, లక్క పెట్టెలు, చెక్క మీద గీసిన దేవుడి పటాలు. ఒక ముసలమ్మకు పాత కోటు ఇచ్చి ఈయన మరియమాత పటం తెచ్చుకున్నాడు. రెండు వందల ఏళ్ల నాటి పలక, గుడ్డు సొనలో కలిపిన రంగులు. పైన వెండి తొడుగు. మాతకూ బాలయేసుకూ ముఖాలు, చేతులు మాత్రమే బయటికి కనిపిస్తాయి, మిగతాదంతా వెండే. “ముసల్ది పటానికి ముద్దులు పెట్టుడు ఆపదు, ఏడుపు ఆపదు. గుంజుకోవాల్సొచ్చింది,” అని విందుల్లో నవ్వుతూ చెప్తాడు. ఆ మాటకు పగలబడి నవ్వే పెద్దమనుషులను నా కళ్లతో చూశాను.

నా వేలికి కట్టు పడిందని తెలిసి మౌలాలీ నుంచి మా అమ్మ లింగమ్మ వచ్చింది, వంట చేసి పెడతానని. బస్సు దిగుతుంటే పడ్డానని చెప్పాను. నోటికి అలవాటైన అబద్ధమే. ఎందుకంటే అమ్మకు అల్లుడు దేవుడు. మా మతం కాని వాణ్ని చేసుకుంటానంటే మొదట్లో అన్నం మానేసిన మనిషి, ఈయన గదిలో పటాలు చూసి ఒక్కరోజులో మెత్తబడింది.

“ఇంటి నిండ మాతను, పునీతులను పెట్టుకున్నోడు చెడ్డోడు ఎట్లయితడు బిడ్డా?” అంది.

ఆ నమ్మకం చెడగొట్టే ధైర్యం నాకు లేదు. దెబ్బలైనా ఓర్చుకుంటాను గానీ, అమ్మకు తెలిసిన రోజు ఆమె ముఖం చూడలేననిపించేది. అందుకే వీపు కప్పే జాకెట్లు కుట్టించుకున్నాను. ఎండాకాలంలో కూడా.

ఆ వారమే క్యాంపస్‌లో ఆయన సేకరణ ప్రదర్శన పెట్టారు. వీసీ గారు వచ్చి ప్రారంభించాలి. పొద్దున్నే అమ్మ కూడా వస్తానంది. అద్దె కారులో ఆయన మాత పటాన్ని ఒళ్లో పెట్టుకుని, గుంతలొచ్చినప్పుడల్లా గుండెకు హత్తుకున్నాడు.

“పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నడు,” అని అమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

హాల్లో పటాన్ని బల్ల మీద పెట్టి, అద్దాల పెట్టె ఇంకా రాలేదని ఆయన బయటికి వెళ్లాడు. ఆయన స్టూడెంట్ భూమిక కుర్చీలు సర్దుతోంది. నేను ఎడమచేత్తో సమోవార్‌కు చుట్టిన గుడ్డలు విప్పుతున్నాను. అమ్మ పటం దగ్గర నిలబడి ఏదో గొణుగుతోంది. జపమాల చెప్తోందనుకున్నాను.

మా సొంతూరి గుట్ట మీద మాత గుడిలో ఒక పద్ధతుంది. ఎవరికి ఎక్కడ నొస్తే, మాత విగ్రహానికి అక్కడే కర్పూరం వేసి కాచిన నూనె రుద్దుతారు. అదే నూనె తెచ్చి నొప్పి ఉన్నచోట రాస్తారు. మోకాలు నొస్తే మాత మోకాలికి, తల నొస్తే తలకు. అది సిమెంటు విగ్రహం. తరాలుగా రుద్దుతున్నా చెక్కు చెదరలేదు.

నేను తలెత్తేసరికి అమ్మ చేతిలో నూనె సీసా ఉంది. మాత కుడిచేతి వేలిని బొటనవేలితో గట్టిగా రుద్దుతోంది.

“అమ్మా! ముట్టకు!” అని పరుగెత్తాను.

“నీ ఏలి కోసమేనే. ఒక్క నిమిషం,” అంది నవ్వుతూ. ఆమె బొటనవేలి కింద గోధుమరంగు పొర నూనెతో పాటు జారిపోయింది. మాత వేలు ఉన్నచోట తెల్లటి సుద్ద కనిపించింది.

దివాకర్ గుమ్మంలోనే ఉన్నాడు. వచ్చి పటాన్ని రెండు చేతులా తీసుకున్నాడు. కాపాడుకోడానికేమో అనుకున్నాను. పైకెత్తి, వెండి అంచుతో మా అమ్మ తల మీద కొట్టాడు.

పలక నిలువునా పగిలింది. అమ్మ నేల మీద కూలబడింది. కణత దగ్గర చర్మం చీలి, నెత్తురు తెల్ల జాకెట్ మీదికి ధారకట్టింది. రాలిన రంగు పెచ్చులు నేల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అమ్మ ముందు కాదు, ఆ పెచ్చుల ముందు.

“కరుణా, పట్టకారు ఇయ్యి. దూది గూడ. జల్దీ!”

చెప్పడానికి సిగ్గేస్తోంది, నా చెయ్యి సామాన్ల సంచిలోని చిన్న పట్టకారు కోసం పోయింది. అన్నేళ్ల అలవాటు. దాన్ని తీసుకుని వంగాను కూడా. అప్పుడు చూశాను, నేల మీద పారుతున్న అమ్మ నెత్తురు పెచ్చులకు అంటకుండా ఆయన మోచెయ్యి అడ్డం పెట్టాడు.

పట్టకారు పారేసి సమోవార్ ఎత్తి ఆయన వీపు మీద వేశాను. ఒక్కసారి కాదు. కట్టు కట్టిన వేలు మళ్లీ కలుక్కుమంది, అయినా ఆపలేదు. ఇత్తడి సొట్టలు పడేదాకా కొట్టాను. ఆయన లేచి నా గొంతు పట్టుకుని గోడకేసి నొక్కాడు. నా కళ్లు బైర్లు కమ్మాయి. “సార్! సచ్చిపోతది సార్!” అని భూమిక కేకలు వేస్తోంది. వరండాలోంచి ఎవరెవరో వచ్చి ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. నాకు గాలి అందింది. వాళ్లు పట్టుకుని ఉన్నా ఆయన మాత్రం నన్ను చూడటం లేదు. “తొక్కకండి, ఆడ తొక్కకండి!” అని వాళ్ల కాళ్ల వైపు చూస్తూ ఏడుస్తున్నాడు.

భూమిక ఆటో పిలిచి మాతో పాటే ఎక్కింది. తన చున్నీతో అమ్మ తల అదిమి పట్టుకుంది. దారంతా అమ్మ నన్నే చూసింది. నా గొంతు మీద ఎర్రగా లేచిన గుర్తులను, కట్టు కట్టిన వేలిని చూసింది.

తార్నాక చౌరస్తా దగ్గరి క్లినిక్‌లో యువ డాక్టర్ గాయం కడిగి, సూదిలో దారం ఎక్కించాడు.

“ఎట్ల తగిలిందమ్మా?” అని అడిగాడు.

“బాయికాడ జారి పడ్డ, సారూ,” అంది అమ్మ వెంటనే.

డాక్టర్ చెయ్యి ఆగింది. “తార్నాకల బాయి ఎక్కడిదమ్మా?”

అమ్మ కళ్లు దించుకుంది. ఆలోచించి చెప్పిన మాట కాదది. దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. చిన్నప్పుడు ఊళ్లో అమ్మ కన్ను వాచినా, పెదవి చిట్లినా, చెయ్యి లేవకపోయినా బాయికాడే జారిపడేది. నాయన చనిపోయాక ఒక్కసారి కూడా పడలేదు. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తట్టనే లేదు. నేను ఆమె దగ్గర దాస్తున్నాననుకున్నాను గానీ, దాచడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అమ్మ బల్ల కింద నా మోకాలు గట్టిగా నొక్కింది, ఊరుకొమ్మని. నేను ఆ చేతిని తీసి నా చేతిలో పెట్టుకున్నాను.

“పడలేదు సార్,” అన్నాను. “నా మొగుడు కొట్టిండు. ఈమెను కొట్టిండు, నన్ను గూడ కొట్టిండు. గట్లనే రాయండి.”