ఇంటికి మోకాళ్ల నొప్పులు

తెల్లవారుజామున నమాజు ముగించుకుని, కాఫీ తాగి, ఇందో ఉపే అనే పెద్దావిడ నాభి స్తంభం దగ్గరికి వెళ్లేది. ఇంటి నడుమ ఉండే స్తంభం అది. ఇంటి ప్రాణం అందులోనే ఉంటుంది గనక, ఊరెళ్లేవాళ్లెవరూ దాన్ని ముట్టుకోకుండా బయటికి అడుగు పెట్టరు. ఆవిడ దాన్ని అరచేత్తో తట్టి, "ఇక దిగుదామా తల్లీ" అనేది. ఇల్లు ఒళ్లు విరుచుకున్నట్టు కిర్రుమనేది. ఆ చప్పుడు వినగానే ఇంటి కింద పడుకున్న మేకలూ కోళ్లూ వాకిట్లోకి ఉరికేవి. అవన్నీ బయటపడ్డాక ఇల్లు తన పొడుగాటి కాళ్లు మడిచి, నింపాదిగా నేలకి దిగేది. ఆవిడ గడప దాటి నేల మీద అడుగు పెట్టి బావి దగ్గరికి నడిచేది. స్నానం చేసి, బిందెతో నీళ్లు తెచ్చుకుని లోపలికెళ్లాక ఇల్లు మళ్లీ లేచి నిలబడేది.

తెంపె సరస్సు ఒడ్డున పాత ఇళ్లన్నీ కాళ్ల మీదే ఉంటాయి. వానలు ముదిరితే సరస్సు ఊళ్లోకి వచ్చి ఇళ్ల కింద కాపురం పెడుతుంది, వెళ్లమంటే వెళ్లదు. కాబట్టి ఇంటికి కాళ్లుండడం అందరికీ మామూలే. ఒక్క ఇందో ఉపే ఇల్లు మాత్రం వాటిని మడవడం నేర్చుకుంది. కొందరి కుక్కలు కరుస్తాయి, కొందరి ఇళ్లు కూర్చుంటాయి అన్నంత తేలిగ్గా తీసుకున్నారు ఊళ్లోవాళ్లు. అల్లుడు ముస్తారి ఓసారి ఆదమరిచి మోటారుబండిని ఆ ఇంటి కింద పెట్టి పోయాడు. మేకలకి తెలిసినట్టు బండికేం తెలుస్తుంది. తెల్లారేసరికి అది అప్పడమై కూర్చుంది. అతను కిక్కురుమనకుండా దాన్ని రిక్షాలో వేసుకుని మెకానిక్కు దగ్గరికి పోయాడు.

ఇందో అంటే అమ్మ. కన్నది ఒక్క కూతుర్నే అయినా ఊరందరికీ ఆవిడ ఇందోయే. పట్టు లుంగీలు నేసి నేసి నడుము వంగింది గానీ చేతులకి మాత్రం వణుకు రాలేదు. నేల మీద కాళ్లు చాపుకుని, మగ్గాన్ని నడుముకి కట్టుకుని నేసే పని అది. కూర్చున్నంతసేపూ రాణిలా ఉంటుంది, లేవాలంటేనే గోడా తలుపూ వెతుక్కోవాలి. కొన్నేళ్ల కిందట చేపల బుట్ట చంకన పెట్టుకుని మెట్లు దిగుతూ, వాన తడికి జారి, అడుగు దాకా కూర్చునే వచ్చింది. తుంటి విరగలేదు, అంతే. చాలాకాలం మంచం దిగలేదు.

కూతురు నూరసియా అప్పుడే చెప్పింది, మెట్లకి పట్టుకోవడానికి కర్ర కమ్మి పెట్టిద్దామని. నూరసియాది ఆ వీధిలోనే సిమెంటు ఇల్లు, నేలంతా పలకలు. ఆరోగ్య కేంద్రం తరఫున ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి, పడకుండా ఎలా ఉండాలో చెప్పి రావడం ఆమె పని. చాప అంచులు మడతపడనీయొద్దు, లుంగీ చీలమండ పైకి కట్టుకోండి, బావి గట్టు మీద పాచి గీకించండి, గభాల్న లేవకండి. ఊరంతా తలూపింది. సొంత తల్లి ఊపలేదు. పైగా, నీ ఉద్యోగం నా మీద చూపించకు అంది. కమ్మి మాట ఎత్తితే మాత్రం నొచ్చుకుంది.

"మెట్లకి కమ్మి దొరల ఇళ్లకే. మనకెందుకే? జనం నవ్వరూ?"

నిజానికి ఆ కట్టుబాటుని జనం ఎప్పుడో మర్చిపోయారు. రాజబంధువుల ఇళ్లకి కమ్మి ఉన్న మెట్లు, మిగతావాళ్లకి ఉత్త నిచ్చెన మెట్లు అన్నది ఒకప్పటి సంగతి. ఇప్పుడు చేపలమ్మేవాళ్లు కూడా ఇనప కమ్మీలు పెట్టించి, వాటికి బంగారు రంగు వేయించుకుంటున్నారు. కానీ ఇందో ఉపే తాత, రాజబంధువుల ఇంటి దొరసాని పెట్ట బావు గారి తాతల పొలం దున్నాడు. ఆ సంగతి ఊరు మర్చిపోయినా ఆవిడ మర్చిపోలేదు. పడితే పడ్డాను గానీ పెద్దింటివాళ్లతో సమానంగా కమ్మి పట్టుకుని దిగనంది. ఆ మాటన్న మర్నాడే ఇల్లు మొదటిసారి కాళ్లు మడిచింది. ఆవిడ దాన్ని తన హక్కులా తీసుకుంది. మనకి మంచి చేసేవాళ్ల దగ్గర మనం అలాగే ఉంటాం మరి.

ఓ ఏడు ఎండలు వెళ్లే రోజుల్లో ఇల్లు దిగడానికి ఆలస్యం చేయడం మొదలుపెట్టింది. కిర్రుమనడం మూలుగైంది. సగం దిగి ఆగి, ఊపిరి తీసుకుని తక్కింది దిగేది. ఒకరోజు పొద్దున దిగింది గానీ లేవలేదు. ఇందో ఉపే నీళ్ల బిందెతో లోపలికొచ్చి నిలబడింది, కాసేపు చూసింది, స్తంభాన్ని తట్టింది. ఇల్లు ఒక్క కుదుపు కుదిపి మళ్లీ చతికిలబడింది. బిందెలో నీళ్లు ఒలికిపోయాయి.

ముస్తారి వచ్చి స్తంభాలన్నీ గోటితో నొక్కి చూశాడు. పడవలూ తలుపులూ చేసిన చెయ్యి అతనిది. పుచ్చు లేదు, చెద లేదు, మడత పడే చోటల్లా కొయ్య వాచింది అన్నాడు. ఇందో ఉపే తన మోకాళ్లకి రాసుకునే నీలగిరి తైలం సీసా పట్టుకెళ్లి, నేల మీద కూర్చుని స్తంభాలకి మర్దనా చేసింది. ఇల్లు హాయిగా నిట్టూర్చింది. లేవడం మాత్రం లేవలేదు.

అవతల సరస్సు రంగు మారుతోంది. కొండల మీద వానలు పడుతున్నాయని పడవల వాళ్లు చెప్పారు. నూరసియా ఆ సాయంత్రం తల్లి ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు, అది ఇంకా భయంగా ఉంది.

"ఇందో, దానికీ వయసైపోయింది, నీకూ అయింది. ఎవరు ఎవర్ని మోస్తారు? నీళ్లొస్తే ఇది ఇలాగే మునుగుతుంది. మా ఇంట్లో గది ఖాళీ చేసి పెట్టాను."

"మరి ఇది?"

"పక్క ఊరివాళ్లు అడుగుతున్నారు. పాత కలప కదా. మనుషుల్ని తీసుకొచ్చి భుజాల మీద మోసుకుపోతారట."

ఇల్లు కొనుక్కున్నవాళ్లు దాన్ని మోసుకుపోవడం ఆ ప్రాంతంలో పెళ్లి ఊరేగింపంత మామూలు. ఇందో ఉపే అలాంటివి ఎన్నో చూసింది, మోసేవాళ్లకి అన్నాలు వండి పెట్టింది. ఆ రోజు మాత్రం స్తంభం వైపే చూస్తూ కూర్చుంది. ఊఁ అనలేదు, కాదనలేదు. కాదనలేదు గనక నూరసియా బట్టల మూట తీసుకుని తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది.

కూతురింట్లో ఆవిడకి లోటేమీ జరగలేదు. వేడివేడిగా చేపల పులుసు, మెత్తటి పరుపు, అడిగినప్పుడల్లా కాఫీ. నేల మాత్రం అద్దంలా ఉండేది. నూరసియా దాన్ని పొద్దునా సాయంత్రం తడిగుడ్డతో తుడిచేది. తల్లి గోడ పట్టుకుని గది దాటుతూంటే ఆమె గుడ్డ పట్టుకుని వెనకే వచ్చేది. ఒకసారి ఇద్దరూ కలిసి జారి, ఒకళ్లనొకళ్లు పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఊరందరికీ నేర్పేదానివి, నీ ఇంటికెప్పుడొస్తావే అంది తల్లి. నూరసియాకి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రోజు నుంచి నేల ఆరాకే తల్లిని నడవనిచ్చింది.

అయినా ఇందో ఉపేకి నిద్ర పట్టేది కాదు. ఇల్లు అమ్మితే ఇక తన చావూ బతుకూ ఈ పలకల మీదే. కూతురు ప్రేమగానే చూస్తుంది, కానీ తన వాకిట్లోకి తనంతట తాను దిగే రోజు ఇక ఉండదు. ఒక మధ్యాహ్నం నూరసియా పనికి వెళ్లగానే, గోడలూ కంచెలూ పట్టుకుంటూ తన ఇంటికి వెళ్లింది. ఇల్లు వాకిట్లో కూలబడి ఉంది. కోడి ఒకటి దాని గడప మీద గుడ్డు పెట్టింది. ఆవిడ లోపలికెళ్లి నాభి స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది.

"నన్ను కిందికి దింపమని రోజూ తట్టాను. ఒక్కరోజైనా నీ కాళ్లెలా ఉన్నాయని అడిగానా?" అంది. "నా సిగ్గు నేను మోయాల్సింది, నీతో మోయించాను."

చాలాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని, లుంగీని చీలమండ పైకి ఎగదోపి గట్టిగా కట్టుకుంది. కూతురు చెప్పిన మాట విన్నది జన్మలో అదే మొదలు. అట్నుంచి అటే పెట్ట బావు గారింటికి వెళ్లింది.

పెట్ట బావు ఇందో ఉపే ఈడు మనిషే. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నారు. ఇందో ఉపే మెట్ల కిందే నిలబడి, తలొంచుకుని, మెట్లకి కమ్మి పెట్టించుకుంటాను, మీరు సెలవిస్తే అని అడిగింది. పెట్ట బావు రేడియో కట్టేశారు.

"ఇన్నాళ్లూ కమ్మి ఎందుకు పెట్టించుకోలేదు ఉపే?"

"మాకెలా ఉంటుంది పెట్టా?"

"నేను ఈ కమ్మిని రెండు చేతులా పట్టుకుని దిగుతాను. అయినా భయమే. ఒకప్పుడు నువ్వు ఉత్త మెట్లు దిగుతూంటే, దీనికెంత ధైర్యమో అని కుళ్లుకునేదాన్ని." ఆవిడ మెట్ల వైపు చెయ్యి చూపి, "మా కమ్మి కొలతే పెట్టించుకో. చేతికి సరిపోతుంది. ముందు పైకి రా, కాఫీ తాగుదువు గానీ" అన్నారు.

ఇందో ఉపే ఆ కమ్మి పట్టుకుని ఆ మెట్లెక్కింది. ఎక్కుతూంటే కొయ్య నునుపుగా, చల్లగా అరచేతిలో ఇమిడింది. ఇంత చిన్న సుఖాన్ని ఇన్నేళ్లు ఎందుకు వద్దనుకున్నానా అనుకుంది.

ముస్తారి కొత్త మెట్లు చేశాడు. పాతవాటికన్నా వెడల్పు, ఏటవాలు తక్కువ, రెండు వైపులా కమ్మి. ఇల్లు కూర్చునే ఉంది గనక మెట్లు వాకిట్లో పడుకోబెట్టి చేయాల్సి వచ్చింది. లేవని ఇంటికి మెట్లేంటని ఎవరో ఎగతాళి చేస్తే, అత్తగారు చెప్పారు అన్నాడు. అంతకన్నా కారణం అతనికి ఎన్నడూ అక్కర్లేకపోయింది. నూరసియా పక్క ఊరివాళ్లకి, వరద వచ్చి తీశాక రండి అని కబురు పెట్టింది. తల్లి కోసం బావి దగ్గర దీపం పెట్టించింది, మగ్గం దారాలు కాళ్లకి చుట్టుకోకుండా మూలకి చేర్చింది.

మెట్లు పూర్తయిన రోజు ఇందో ఉపే లోపలికెళ్లి స్తంభం మీద చెయ్యి వేసింది. తట్టలేదు.

"ఇక నిన్ను దిగమనను. నేనే దిగుతాను. నువ్వు నిలబడు, చాలు."

వెంటనే ఏమీ జరగలేదు. వాకిట్లో ముస్తారి బీడీ వెలిగించుకున్నాడు. అది సగం కాలేసరికి ఇల్లు మూలిగింది, ఒక కాలు చాపింది, ఆగింది, ఇంకోటి చాపింది. నిలబడింది. ముస్తారి నోట్లో బీడీతోనే మెట్లు తెచ్చి ఆనించాడు. ఇందో ఉపే గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులా కమ్మి పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. వీధిలోవాళ్లు చూడనట్టు నటిస్తూ అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

సరస్సు ఆ వారంలోనే వచ్చింది. ఆ ఏడు ఎన్నడూ రానంత వచ్చింది. నూరసియా ఇంటి పలకల మీదికి నీళ్లెక్కాయి, పరుపు తేలింది, బియ్యం డబ్బా తేలింది. వీధిలో పాత ఇళ్ల చెక్క నేల దాకా నీళ్లు వచ్చాయి. ఇందో ఉపే ఇల్లు మాత్రం మునివేళ్ల మీద నిలబడి, నీటికి జానెడు పైనే ఉంది. విశ్రాంతి దొరికిన కాళ్లు గదా.

పొద్దుటి వానలో ముస్తారి పడవ తెచ్చి మెట్ల పక్కన ఆపాడు. నూరసియా నెత్తిన అన్నం తపేలా, చంకలో బట్టల మూటతో పడవలోంచి తడిమెట్టు మీద కాలు పెట్టింది. కాలు జారింది. తపేలా ఎగిరి నీళ్లలో పడింది. ఆమె చెయ్యి గాల్లో తడుముకుని కమ్మిని దొరకబుచ్చుకుంది. వెల్లకిలా పడబోతున్న క్షణంలోనే ఇల్లు రవ్వంత, మెట్టు ఆమె పాదం కిందికి వచ్చేంత, వంగింది. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

"చాల్లే తల్లీ, ఇంక వంగకు, నీ మోకాళ్లు" అంది ఇందో ఉపే గుమ్మంలోంచి. ఇల్లు మళ్లీ నిటారుగా నిలబడింది. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, పొడి లుంగీ ఇచ్చి, కాఫీ కలిపింది.

నూరసియా కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని అడిగింది. "నాకెందుకు వంగింది ఇందో?"

"నీకూ యాభై దాటలేదూ? అది చూసుకుంటూనే ఉంటుంది."

నూరసియా నవ్వబోయి నవ్వలేకపోయింది. లేచి వెళ్లి నాభి స్తంభానికి నుదురు ఆనించి నిలబడింది. ఊరందరి పాదాల కిందా చూసి వచ్చే తన పాదాల కింద చూసేవాళ్లు ఒకళ్లున్నారని ఆమెకి అంతవరకూ తెలియదు. కళ్లు నిండిపోయాయి.

నీళ్లు తీశాక పక్క ఊరివాళ్లు కలప చూసుకోవడానికి వచ్చారు. ఇందో ఉపే మగ్గం దగ్గర ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. నూరసియా కమ్మి పట్టుకుని కిందికి దిగి, వాళ్లకి కుర్చీలు వేసి, మర్యాదగా కాఫీ ఇచ్చింది.

"అమ్మడం లేదండీ" అంది. "నాకు వయసు మళ్లాక నేనెక్కడుండాలి?"