సాయంత్రం కొలత

"ఆది తెచ్చినారా?" అన్నాడు టైలరు.

కాశీబుగ్గలో ఏ టైలరైనా ముందు అడిగేది అదే. మనకు సరిగ్గా పట్టే పాత బట్ట ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని చూసి కొత్తది కుడతాడు. జాకెట్టుకైతే ఆది ఉంది. ప్యాంటుకి ఎక్కణ్ణుంచి తేను? జన్మలో వేసుకుంటే కదా!

"నేదు. కొలతలు తీసుకోండి. కాళ్లు బాగా ఎడల్పుగా ఉండాల," అన్నాను.

నా కాలి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ ఎవరూ గుచ్చి గుచ్చి అడగక్కర్లేదు. ఎడమది బోదకాలు. పెళ్లయిన కొత్తలో వచ్చింది, ఇక పోలేదు. కుచ్చిళ్లు కొంచెం ఎత్తి చూపించాను. టైలరు మెడలో వేసుకున్న టేపు తియ్యనే లేదు.

"ఒక కాలు పెద్దది, ఒకటి సిన్నది కుట్టమంటారేటమ్మా? బాగోదు. మీకు సీరే సుకం గదా!"

నాకేది సుఖమో చెప్పడానికి ఈయనెవరు? ఒళ్లు మండిపోయింది. బల్ల మీద పెట్టిన నేరేడు పండు రంగు క్రేపు గుడ్డ లాక్కుని వచ్చేశాను.

ఆ చీర సుఖం ఏపాటిదో వినండి. మాది ఉద్దానంలో వజ్రపుకొత్తూరు దారిలో ఓ పల్లె. నేను పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగ్ చేస్తాను. ఇన్నాళ్లూ మా ఆయన ఢిల్లీరావు బండి మీద దింపేవాడు. ఇంకొన్ని రోజుల్లో అతను ఒడిశాలో పారాదీప్ పనికి వెళ్లిపోతాడు. ఆటో ఎక్కితే, "అమ్మా, ఆ కాలు లోపలికెట్టుకో" అని దారంతా వినేలా అరుస్తాడు డ్రైవరు. అందుకని పాత స్కూటీ ఒకటి కొనిపించి నేర్చుకున్నాను. నడపడం వచ్చింది. ఆపడంతోనే తంటా. ఆపినప్పుడు ఎడమ కాలు కింద పెట్టాలి, ఆ బరువు కాలికి కుచ్చిళ్లు చుట్టుకున్నాయి. జీడితోటల మలుపులో పడ్డాను. మోచేయి గీరుకుంది, చీర చిరిగింది. చుడీదారు మడమ దగ్గరే ఆగిపోతుంది. రెడీమేడు పలాజో ఎక్కుతుంది గానీ, గుడ్డ అంటుకుపోయి ఆ కాలొక్కటే లోకానికి చూపిస్తుంది.

"పని మానీయే నీలవేణీ. నాను డబ్బులు పంపుతాను గదా!" అన్నాడు మా ఆయన.

మంచి మనసుతోనే అన్నాడు. కానీ పని మానితే ఇంట్లో కూర్చుని నా కాలు నేను చూసుకోవడం తప్ప ఏముంది? ఫ్యాక్టరీలో పదిమంది ఆడవాళ్లం. నవ్వుకుంటాం, పోట్లాడుకుంటాం. నా పక్కన కూర్చునే కెజియా అందరికన్నా ముందొచ్చి, అందరూ వెళ్లాక గానీ లేవదు. యజమాని మెప్పు కోసమని మేమంతా చాటున గొణుక్కుంటాం. అలాంటివన్నీ మానుకుని బతకడం నా వల్ల కాదు. మాననన్నాను.

మా అత్త రత్నాలమ్మ కుట్టుమిషను ఉంది. జాకెట్లు, లంగాలు కుట్టే చెయ్యి నాది. ప్యాంటంటే ఏముంది, లంగాని మధ్యకి చీల్చి రెండు గొట్టాలు చేస్తే సరి అనుకున్నాను. పాత లుంగీ మీద చేసి చూశాను. నిలబడితే బాగానే ఉంది. పీట మీద కూర్చోగానే పర్రుమని చిరిగింది.

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒలమ్మ! స్కూటీ నిలబడి నడుపుతావేటే?"

కడుపు మండినా నవ్వొచ్చింది. పెట్టెలోంచి మా ఆయన ప్యాంటు ఒకటి తీసి కుట్లన్నీ విప్పేశాను. అప్పుడు తెలిసింది కిటుకు. రెండు కాళ్లు కలిసే చోట గుడ్డ లోపలికి వంపు తిరుగుతుంది. వెనక వంపు ముందుదాని కన్నా లోతు. నా తుంటికి ఇంకాస్త లోతు కావాలి.

"ఒలే, నా పేంటేదే?" అన్నాడు మా ఆయన, నేల మీద పరిచిన ముక్కల్ని చూస్తూనే.

"సదువుకుంటన్నాను మావా. అయిపోనాక కుట్టి ఇచ్చేత్తాను."

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి కాలు కొలుచుకున్నాను. పెద్ద కాలి కొలతకే క్రేపు గుడ్డలో రెండు కాళ్లూ కత్తిరించాను. నడుముకి పట్టీ, ముందు రెండు మడతలు, అడుగున వెడల్పాటి మడత వేసి కుట్టి, ఇస్త్రీ చేసి, ఆ మరుసటి పొద్దున వేసి చూసుకున్నాను. నడుము నుంచి నేల దాకా జారి నిలిచింది గుడ్డ. ఏది ఏ కాలో నాకే తెలియలేదు. మా అత్త వంగి కుట్లు తిప్పి చూసింది. ఆవిడ వంక పెట్టలేదంటే బాగున్నట్టే.

ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక స్కూటీ మీద తోట దాకా వెళ్దామని మళ్లీ వేసుకున్నాను. ఎడమ పిక్కకి గుడ్డ బిగుసుకుపోయింది. తొడ దగ్గర కుట్టు పళ్లు బయటపెట్టింది.

ఏడుపొచ్చింది. ఏడ్చాను. గుడ్డ పోయినందుకు కాదు. ఈ కాలు రాత్రంతా పడుకుంటే తగ్గుతుందని, పగలంతా కూర్చుంటే సాయంత్రానికి ఉబ్బుతుందని నాకు తెలియదా? ఇన్నేళ్లుగా మోస్తున్నదాన్ని! తెలిసీ పొద్దున్నే ఎందుకు కొలిచానంటే, నాకు నచ్చేది పొద్దుటి కాలే కాబట్టి. కానీ ఇంటికి స్కూటీ నడుపుకుంటూ రావలసింది సాయంత్రం కాలు.

"ఇంక ఊరుకోయే. నీకు రాసిపెట్టి నేదు," అంది మా అత్త.

"రాత సంగతి తరవాత సూద్దాం. ఆ టేపిలాగియ్యి," అన్నాను.

అప్పటికప్పుడు సాయంత్రం కాలు కొలిచాను. పక్క కుట్లు విప్పాను. ఆ రంగు గుడ్డ ఇక లేదు. స్కూటీ మీంచి పడ్డప్పుడు చిరిగిన చీర మాత్రం ఉంది. మధ్య గుడ్డ చిరిగినా పసుపు అంచు గట్టిగానే ఉంది. దాన్ని పొడుగ్గా కత్తిరించి, నడుము నుంచి పాదం దాకా పక్కన అతికాను. రెండో కాలికీ కత్తిరిస్తుంటే మా అత్త అడ్డుపడింది.

"దానికేల? అది బాగానే ఉంది గదా?"

"రెండూ నావే గదత్తా!"

ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, కదలకుండా ఉండేలా అంచు రెండో కొస పట్టుకుంది.

మా ఆయన బయల్దేరే రోజు పలాస స్టేషనుకి నేనే దింపాను. బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. తోటల మలుపులో మేకలు అడ్డొస్తే బండి ఆపి, ఎడమ కాలు కింద పెట్టాను. నిలిచింది. ఏదీ కాలికి చుట్టుకోలేదు.

"పేంటు బాగుందే," అన్నాడు స్టేషను దగ్గర దిగుతూ. "నాదెప్పుడు కుడతావు?"

"వచ్చీసరికి కుట్టి ఉంచుతాన్లే!" అన్నాను.

ఆ రోజు ఫ్యాక్టరీలో అందరూ చుట్టూ మూగి, అంచు పట్టుకు చూశారు. కెజియా మాత్రం తల ఎత్తలేదు. సాయంత్రం అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్తుంటే నా కొంగు లాగింది... కొంగెక్కడిది, ప్యాంటు మడత పట్టుకుంది.

"అప్పా, ఇది ఎవులు కుట్టినారు?"

"నానే."

అటూ ఇటూ చూసి, కూర్చున్న చోటే చీర అంచు జానెడు పైకి లాగింది. కుడి కాలు. నా కాలి లాంటిదే. ఇన్నాళ్లూ అది అందరికన్నా ముందొచ్చిందీ, చివర వెళ్లిందీ ఎందుకో అప్పుడు అర్థమైంది.

"ఒకపాలి ఆదికిత్తావా?" అంది, వినపడీ వినపడనట్టు.

"ఇత్తాను. గానీ కొలత సాయంత్రమే తియ్యాల. ఇప్పుడే లెగు, మా ఇంటికి ఎల్దాం. బండుంది."

కుళాయి దగ్గర ఇంకా అందరూ ఉండగానే కెజియా లేచింది.